ఈ పసుపు కంకి అగ్రిమనీయేనా? కషాయం పెట్టుకోవచ్చా?

గట్టుదారి అడిగారు:

అందరికీ నమస్తే. నేనుండేది యూరప్‌లో. రోజూ నడిచే దారిలో పొలం గట్టు వెంబడి, ముళ్ళకంచె అంచున ఒక మొక్క వరసగా లేచింది. నడుము ఎత్తుకి కాస్త తక్కువ, కాడ నిటారుగా ఉంది, కొమ్మలు పెద్దగా లేవు, పైభాగం అంతా చిన్న చిన్న పసుపు పూలు. మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లో ఫోటో పెడితే ఒకసారి అగ్రిమనీ (ఇక్కడి ఒక మూలిక) అంది, కోణం మార్చి తీస్తే వెర్బాస్కమ్ (అదీ పసుపు పూల కంకి మొక్కే) అంది, ఇంకా పూత రాని మొక్క ఆకు ఒక్కటే చూపిస్తే మెడోస్వీట్ అంది. మూడుసార్లూ అంతే ధీమాగా చెప్పింది, అదీ విచిత్రం.

నెట్‌లో చూస్తే ఇంకా గందరగోళం. గొంతు నొప్పికి మంచిది, విరేచనాలకి మంచిది, లివర్‌కి, షుగర్‌కి, నిద్రకి, దెబ్బలకి... ఒకే మొక్క ఇన్నిటికి పనిచేస్తుందంటేనే నాకు అనుమానం వస్తుంది. ఒకచోట హెంప్ అగ్రిమనీ అని కూడా రాశారు, అదీ ఇదీ ఒకటేనా?

అడిగేది రెండే. యాప్ మీద ఆధారపడకుండా మొక్కని చేత్తో పట్టుకుని ఖాయం చేసుకోవడం ఎలా? అదే అని తేలితే, అసలు దేనికి వాడతారు, దేనికి కేవలం మాటలు?

---

ఆకుఈనె బదులిచ్చారు:

యాప్ సంగతి వదిలేసి ఒక ఆకు తుంచి అరచేతిలో పెట్టుకోండి. అగ్రిమనీ గులాబీ కుటుంబానిది, అందుకే ఆకు కూడా గులాబీ ఆకులాగే ఒక నడిమి ఈనెకి అటూ ఇటూ జతలు జతలుగా చిట్టి ఆకులతో ఉంటుంది, అంచులు రంపం పళ్ళలా ఉంటాయి. అయితే గులాబీలో లేనిది ఇక్కడ ఒకటుంది: రెండు పెద్ద జతల మధ్య ఖాళీలో బుల్లి బుల్లి ఆకులు ఇరుక్కుని ఉంటాయి, ఎవరో మర్చిపోయి మళ్ళీ తర్వాత అతికించినట్టు. పెద్దది, చిన్నవి, పెద్దది, చిన్నవి, ఆ వరస కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఆకు తిరగేస్తే అడుగున బూడిదరంగు నూగు మెత్తగా తగులుతుంది. కాడ మీద కూడా నూగు ఉంటుంది. ఆకు కాడని అంటుకునే చోట రెండు పక్కలా చిన్న ఆకుల్లాంటివి కాడని సగం చుట్టేసినట్టు ఉంటాయి.

కానీ ఆకు ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు, మీ యాప్ మెడోస్వీట్ అన్నదీ అందుకే. మెడోస్వీట్, సిల్వర్‌వీడ్, వుడ్ అవెన్స్ ఇవన్నీ అదే కుటుంబం, పూత రాకముందు వీటి ఆకులు కూడా చిన్నా పెద్దా కలిసిన వరసలోనే ఉంటాయి. మెడోస్వీట్‌కి తడి నేల కావాలి, కొసన ఉన్న ఆకు పెద్దదిగా మూడు నుంచి ఐదు భాగాలుగా చీలి ఉంటుంది, నలిపితే ఆసుపత్రి వాసన లాంటిది వస్తుంది. సిల్వర్‌వీడ్ అయితే నేల మీద ఎర్రటి తీగలు పాకించుకుంటూ పోతుంది, నిటారుగా లేవదు. వుడ్ అవెన్స్‌లో కొస ఆకు మిగతావాటికంటే బాగా పెద్దది, పూలు కంకిగా రావు. మీరు చెప్పిన పొడినేల, గట్టు అంచు, కొమ్మలు లేని నిటారు కాడ ఇవన్నీ అగ్రిమనీ వైపే మొగ్గుతున్నాయి, సున్నపు నేల అయితే ఇంకా ఇష్టం దానికి.

ఇక పువ్వు. ఐదు రెక్కలు, విడివిడిగా, అడ్డంగా 5 నుంచి 8 మిల్లీమీటర్లు, అంతే. వెర్బాస్కమ్ పువ్వు దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది, దాని ఆకు చీలికల్లేని ఒకే పెద్ద ముక్క, కాబట్టి ఆ రెంటినీ కలపడానికి దూరం నుంచి తీసిన ఫోటో తప్ప వేరే కారణం ఉండదు. అగ్రిమనీ కంకి కిందినుంచి పైకి పూస్తుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా ఎప్పుడు చూసినా ఒకే కంకి మీద పైన మొగ్గలు, నడుమ పూలు, కింద కాయలు కలిసే దొరుకుతాయి.

ఆ కింది కాయలే మీకు కావాల్సిన రుజువు. ఒకటి గోటితో గిల్లి దగ్గరగా చూడండి. తలకిందులుగా పెట్టిన చిన్న గంటలా ఉంటుంది, పొడుగునా లోతైన గాడులు ఉంటాయి, వెడల్పు అంచు చుట్టూ కొక్కేల్లాంటి ముళ్ళు అనేక వరసల్లో ఉంటాయి. పూత అయిపోయాక కాయ కిందికి వంగి వేలాడుతుంది, దారిన పోయే గొర్రెనో కుక్కనో మన ప్యాంటునో పట్టుకుని ఊరేగడానికి అదే దాని ఏర్పాటు. వెర్బాస్కమ్ కాయకి కొక్కేలు ఉండవు, మెడోస్వీట్‌కీ ఉండవు. వుడ్ అవెన్స్‌కి ఉంటాయి గానీ అవి గుండ్రటి బంతిలా ఒకచోట గుంపుగా ఉంటాయి, కంకి పొడుగునా కాదు.

ఇంకో మాట, యూరప్‌లో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. మామూలుది అగ్రిమోనియా యుపటోరియా, రెండోది అగ్రిమోనియా ప్రోసెరా. ప్రోసెరా పొడుగెక్కువ, ఆకు అడుగున బూడిదరంగు బదులు పచ్చగానే ఉండి లెన్స్‌లో చూస్తే జిగురు చుక్కలు మెరుస్తాయి, నలిపితే సువాసన వస్తుంది. కాయ మీద గాడులు లోతు తక్కువ, కింది దాకా రావు, అన్నిటికంటే బయటి వరస ముళ్ళు వెనక్కి వంగిపోయి ఉంటాయి. యుపటోరియాలో ఆ ముళ్ళు పక్కలకి చాపుకుంటాయి గానీ వెనక్కి తిరగవు. క్రోమోజోములు లెక్కపెట్టినా తేడా తెలిసిపోతుంది, యుపటోరియాకి 28, ప్రోసెరాకి 56, కానీ గట్టు మీద అది మన వల్ల కాదు కదా :)

ఉత్తర అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది చదివితే, మీ దగ్గర గ్రైపోసెపాలా, పార్విఫ్లోరా, స్ట్రయేటా లాంటి వేరే జాతులుంటాయి, కాయ కొక్కేల సూత్రం మాత్రం అన్నిటికీ అదే. తూర్పు ఆసియాలో, హిమాలయాల్లో కనిపించేది అగ్రిమోనియా పైలోసా.

---

చేదుమాత్ర బదులిచ్చారు:

గుర్తుపట్టడం గురించి పైన ఆకుఈనె గారు చెప్పాక నేను కలిపేదేమీ లేదు. నేను వచ్చింది హెంప్ అగ్రిమనీ అనే మాట చూసి.

అది వేరే మొక్క, కుటుంబమే వేరు. యుపటోరియం కెన్నబినమ్, పొద్దుతిరుగుడు కుటుంబం. తడి నేలల్లో, కాలవ ఒడ్డున పెరుగుతుంది, ఆకులు ఎదురెదురుగా వచ్చి చేతివేళ్ళలా చీలి ఉంటాయి, పూలు పసుపు కాదు, లేత గులాబీరంగులో పైన గుత్తులుగా ఉంటాయి. కాబట్టి మొక్కని చూసినవాళ్ళు పొరపడే అవకాశం తక్కువ, ప్రమాదమంతా ఎండబెట్టి పొట్లం కట్టినదాన్ని పేరు చూసి కొనేవాళ్ళకి. అందులో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, ఇవి లివర్‌లోని సన్నటి రక్తనాళాల్ని దెబ్బతీస్తాయి, కొంచెం కొంచెంగా చాలాకాలం తాగినా నష్టమే. లివర్‌కి మంచిదని అగ్రిమనీ కొనబోయి లివర్‌ని పాడుచేసేది తెచ్చుకోవడం కంటే దౌర్భాగ్యం ఏముంటుంది. వాటర్ అగ్రిమనీ అని ఇంకోటి ఉంది, అది బైడెన్స్ ట్రైపార్టిటా, దీనికీ సంబంధం లేదు. లేబుల్ మీద అగ్రిమోనియా అనే లాటిన్ పేరు లేకపోతే కొనొద్దు.

అలాగే ఆర్జిమోన్ అనే పేరు కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు. అది మనం బలురక్కసి అనే ముళ్ళ మొక్క, పసుపు పూలదే, గింజల నూనె వంటనూనెలో కలిస్తే డ్రాప్సీ (ఒళ్ళు నీరు పట్టి వాచే జబ్బు) వస్తుంది, 1998లో ఢిల్లీలో ఆ కల్తీ వల్ల జనం చనిపోయారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒక వెబ్‌సైట్ ఈ రెంటి ఫోటోలూ కలిపేయడం నేనే చూశాను.

ఇక వాడకం. ఈ మొక్కలో పనిచేసే సరుకు ప్రధానంగా టానిన్లు, మన మాటల్లో వగరు. ఒక ఎండాకు నోట్లో వేసుకుని నమిలితే నాలుక, చిగుళ్ళు బిగుసుకుపోతాయి, లాలాజలం ఆరిపోయినట్టుంటుంది. టానిన్లు అక్కడి ప్రోటీన్లని పట్టుకుని గట్టిపరుస్తాయి, అందుకే ఆ బిగువు. వాచిన గొంతు మీద, చిన్న గాయం మీద, పేగు లోపలి పొర మీద చేసేదీ అదే పని. యూరోపియన్ ఫార్మకోపియా (మందు సరుకుల ప్రమాణాలు రాసిన గ్రంథం) ప్రకారం ఎండబెట్టిన పూత కొసల్లో టానిన్లు కనీసం 2 శాతం ఉంటేనే మందు సరుకుగా ఒప్పుకుంటారు. జర్మనీలో మూలికా మందుల్ని పరిశీలించిన నిపుణుల సంఘం కమిషన్ ఇ ఒప్పుకున్నవి, యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సంప్రదాయ వాడకంగా రాసుకున్నవి దాదాపు ఒకటే: స్వల్ప విరేచనాలు, నోరు గొంతు వాపుకి పుక్కిలించడం, చర్మం మీద పైపై మంటకీ చిన్న గాయాలకీ రాయడం. లివర్, షుగర్, నిద్ర ఆ జాబితాలో లేవు.

---

గట్టుదారి బదులిచ్చారు:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇందాకే వెళ్ళి చూసొచ్చాను. కింది కాయలకి కొక్కేలున్నాయి, గాడులున్నాయి, బయటి ముళ్ళు వెనక్కి తిరగలేదు, ఆకు అడుగు బూడిదరంగే. కాబట్టి యుపటోరియా అనే అనుకుంటున్నా. సాక్స్ నిండా అంటుకున్నాయి, రుజువు ఇంటిదాకా వచ్చింది.

మరి ఇన్ని రోగాల పేర్లు దీనికి ఎలా అతుక్కున్నాయి? ఎక్కడో మొదలై ఉండాలి కదా. ఇంకా, కోయాలంటే ఎప్పుడు, ఎంత వాడాలి?

---

పాతమూలిక బదులిచ్చారు:

ఎలా అతుక్కున్నాయంటే, రెండు వేల ఏళ్ళుగా. యుపటోరియా అన్న పేరు పాంటస్ (నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీలో ఉన్న పాత రాజ్యం) రాజు ఆరో మిత్రిడేటిస్ యుపేటర్‌ది అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు, ఆ రాజు క్రీ.పూ. 63లో చనిపోయాడు, విషాలూ విరుగుళ్ళ పిచ్చి ఉన్నవాడిగా పేరు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కొరిడిస్ ఈ మొక్కగానే భావించేదానికి చెప్పిన పనుల్లో రెండు ఇవి: ఆకులు పంది కొవ్వుతో నూరి మానని పుండ్ల మీద వేయమన్నాడు, రక్త విరేచనాలకి ద్రాక్షసారాతో తాగమన్నాడు. చూడండి, పుండు, విరేచనం. ఇప్పటి అధికారిక పత్రాల్లో ఉన్నవి కూడా ఇంచుమించు అవే. మిగతావి చాలావరకు రాలిపోయాయి.

మధ్యలో వచ్చిన చేర్పుల్లో కొన్ని భలేగా ఉంటాయి. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో దీన్ని మనిషి తల కింద పెడితే తీసేదాకా నిద్ర లేవడని నమ్మేవారు, మీరు నెట్‌లో చూసిన నిద్ర సంగతి అక్కడిదే అయ్యుండాలి. తాగమని కాదు, తలగడ కింద పెట్టమని! పాము కాటుకి కూడా వాడారు, అది మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. తర్వాత ఫ్రాన్స్‌లో తుపాకీ గాయాలు కడగడానికి ఆర్కెబుసాడ్ నీళ్ళు అని ఒక ద్రావకం చేసేవారు, రకరకాల మూలికలతో పాటు అగ్రిమనీ కూడా అందులో పడేది. గాయకులు, ఉపన్యాసాలిచ్చేవాళ్ళు గొంతు పట్టేసినప్పుడు దీంతో పుక్కిలించడం పాత అలవాటే. చైనాలో పైలోసా జాతిని షియన్‌హెత్సావో అంటారు, అక్కడ ముఖ్యంగా రక్తస్రావం ఆపే మందు, దాని వేరు మొగ్గల్లోంచి తీసిన అగ్రిమోఫాల్ అనే పదార్థాన్ని బద్దెపురుగుల మీద వాడారు. ఆ పని వేరు మొగ్గది, ఆకు టీ తాగితే పురుగులు పోతాయని దీన్నిబట్టి అనుకోకూడదు.

కోయడానికి సరైన సమయం పూత బాగా ఉన్నప్పుడు, కాయలు గట్టిపడకముందు. ఆలస్యం చేస్తే కషాయం వడకట్టేటప్పుడు కొక్కేలు గొంతులోకి పోతాయేమోనని గుడ్డ రెండు మడతలు వేయాల్సి వస్తుంది. కాడ మొత్తం వద్దు, కింద చెక్కలా గట్టిగా ఉంటుంది. పై మూడో వంతు, ఆకులతో సహా కోసి, వాహనాలు తిరిగే రోడ్డు పక్కవి కాకుండా, మందు కొట్టే పొలం అంచువి కాకుండా చూసుకోండి, మీది పొలం గట్టు అన్నారు కాబట్టి ఆ రైతు ఏం చల్లుతున్నాడో కనుక్కోవడం మంచిది. పలచటి కట్టలు కట్టి నీడలో గాలి ఆడేచోట తలకిందులుగా వేలాడదీయాలి. ఆకు చిటుక్కున విరిగితే ఆరినట్టు. లోపల తడి ఉండగా డబ్బాలో పెడితే బూజు.

పుక్కిలించడానికైతే ఎండుది కాసేపు నీళ్ళలో మరిగించి, చల్లారనిచ్చి వాడతాను, వేడినీళ్ళు పోసి మూత పెట్టడం కంటే మరిగిస్తే వగరు బాగా దిగుతుంది. రంగు చిక్కటి తేనెరంగులోకి రావాలి. రుచి చాలాసేపు మరిగిన టీ డికాక్షన్‌లా ఉంటుంది, పెద్ద చేదేం కాదు.

---

చేదుమాత్ర బదులిచ్చారు:

మోతాదు అడిగారు కాబట్టి: కమిషన్ ఇ లోపలికి చెప్పింది రోజు మొత్తానికి 3 గ్రాముల ఎండు మూలిక, బయట రాయడానికి 10 శాతం కషాయం. అంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 10 గ్రాములు, అందులో శుభ్రమైన గుడ్డ ముంచి వేయడం. మోతాదు పెంచితే గుణం పెరగదు, కడుపులో వికారం, మలబద్ధకం వస్తాయి.

టానిన్లు ప్రోటీన్లనే కాదు, దారిలో కనిపించిన చాలావాటిని పట్టుకుంటాయి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు దీంతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. నమ్మకం లేకపోతే ఒక గ్లాసు కషాయంలో ఐరన్ సిరప్ కొన్ని చుక్కలు వేయండి, తేనెరంగు కాస్తా సిరాలా నల్లబడుతుంది. కడుపులోనూ ఇదే జరుగుతుంది. రోజూ వేసుకునే ఏ మందుకైనా దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం పెట్టండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 12 ఏళ్ళలోపు పిల్లలు లోపలికి తీసుకోకపోవడమే మేలు.

షుగర్ గురించి: 1998లో డయాబెటిస్ తెప్పించిన చిట్టెలుకల మీద చేసిన పని ఒకటుంది, ఈ మూలిక వాటిలో చక్కెర తగ్గించింది, నీళ్ళలో తీసిన సారం ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఇన్సులిన్ విడుదలని పెంచింది. చక్కెర తగ్గింది చిట్టెలుకల్లో, అదీ ఆహారంలోనూ తాగే నీటిలోనూ కలిపి ఇస్తే. దాన్ని పట్టుకుని మెట్‌ఫార్మిన్ మానేసి కషాయం తాగమనేవాళ్ళ మాట దయచేసి వినకండి. అప్పటికే మందులమీద ఉన్నవాళ్ళు దీన్ని రోజూ తాగితే షుగర్ మరీ పడిపోతుందేమో చూసుకోవాల్సిన పని కూడా పడుతుంది.

విరేచనాల్లో రక్తం కనబడినా, జ్వరం ఉన్నా, మూడు రోజుల్లో తగ్గకపోయినా మూలిక పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. డయాస్కొరిడిస్ రక్త విరేచనాలకి రాశాడు గానీ ఆయన దగ్గర ఓఆర్‌ఎస్ లేదు, యాంటీబయాటిక్ లేదు. ఒంట్లోంచి పోయే నీళ్ళని ఈ కషాయం భర్తీ చేయదు.

---

మౌనపూలు బదులిచ్చారు:

మీరందరూ టానిన్ టానిన్ అంటున్నారు గానీ, లోపల బాధ దాచుకుని పైకి నవ్వుతూ తిరిగేవాళ్ళకి అగ్రిమనీ ఇస్తారని విన్నాను. ఇంగ్లండ్ డాక్టర్ ఎడ్వర్డ్ బాక్ పూలమందుల్లో ఉంది కదా. దాని సంగతి ఎవరూ చెప్పలేదే?

---

చేదుమాత్ర బదులిచ్చారు:

ఉంది, ఆయన 38 పూలమందుల్లో ఇదొకటి, 1930ల్లో మొదలైంది. మీరు చెప్పిన లక్షణానికే ఇస్తారు. కానీ అది పూలని నీళ్ళలో ఎండకి పెట్టి, ఆ నీటికి బ్రాందీ కలిపి, దాన్ని మళ్ళీ మళ్ళీ పలచన చేసి తయారు చేసేది. అందులో మొక్క సరుకు ఇంచుమించు మిగలదు, వగరు అసలే ఉండదు. కాబట్టి గొంతు నొప్పికి ఆ చుక్కలు కొనడం దండగ. మనసు సంగతికి కూడా, పరీక్షలు పెట్టి చూస్తే ఉత్తి నీళ్ళకి మించి తేడా రాలేదు. మనసు బాగోక ఇబ్బంది పడుతున్నవాళ్ళు మనుషులతో మాట్లాడండి, సీసాతో కాదు.

---

ఆకుఈనె బదులిచ్చారు:

గట్టుదారి గారూ, సాక్స్ నుంచి తీసిన కాయలు పారేయకండి. ప్రతి కాయలో ఒకటో రెండో గింజలుంటాయి, మీరు పెంచుకోవచ్చు, అప్పుడు ఆ రైతు ఏం చల్లాడన్న టెన్షన్ ఉండదు. కాకపోతే గింజలకి చలికాలం తగలాలి, లేకపోతే మొలకెత్తవు. శరదృతువులోనే కుండీలో చల్లి పలచగా మట్టి కప్పి బయట వదిలేయండి, మంచు పడినా ఫర్వాలేదు. వసంతంలో కొన్ని వస్తాయి, కొన్ని ఇంకో ఏడాది ఆగి వస్తాయి. మొదటి ఏడు నేలకి అంటుకున్న ఆకుల గుత్తి మాత్రమే చాలావరకు, కంకి కోసం రెండో వేసవి దాకా ఓపిక పట్టాలి. బహువార్షికం కాబట్టి ఒకసారి నిలదొక్కుకుంటే వేరు దుంప నుంచి ఏటా లేస్తుంది.

గట్టు మీది మొక్కల్ని మాత్రం అన్నీ కోసేయకండి. గ్రిజల్డ్ స్కిప్పర్ అనే చిన్న సీతాకోకచిలుక గొంగళిపురుగులు తినే మొక్కల్లో ఇదొకటి, ఆకు మడతపెట్టి పట్టుతో కుట్టినట్టు కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టు, ఆ మొక్కని వదిలేయండి.

---

గట్టుదారి బదులిచ్చారు:

కాయలు ఒక కవర్లో వేశాను, చల్లుతాను. ఆ మడత ఆకులు రెండు మొక్కల మీద నిజంగానే ఉన్నాయి, చీడ అనుకున్నా ఇప్పటిదాకా. వాటిని కదపను. గొంతుకి మాత్రమే వాడి చూస్తాను, మా ఆవిడ ఐరన్ మాత్రలు వేసుకుంటుంది కాబట్టి ఆమెకి ఇవ్వను.

ఒక చివరి సందేహం, కుక్క వెంట్రుకల్లో చిక్కుకున్నవి తీయడానికి ఏమైనా ఉపాయం ఉందా? దువ్వెనకి రావడం లేదు.

---

పాతమూలిక బదులిచ్చారు:

లాగితే వెంట్రుకలు ఊడతాయి, కొక్కేలు ఇంకా బిగుస్తాయి. కాయని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపేయండి, ముళ్ళు విరిగిపోయి పొడి అవుతుంది, అప్పుడు దువ్వెనకి వస్తుంది. కాలివేళ్ళ మధ్య, చెవుల వెనక తప్పకుండా చూడండి.